ట్రస్టీని దీపావళి సెలవు అడిగే ముందు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఎన్నికలు జరిగినప్పుడల్లా మన పత్రికల ఎన్నారై పేజీల్లో ఒక రకం వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా ఊరి బిడ్డ కాలిఫోర్నియాలో కాలేజీ బోర్డుకు ఎన్నికయ్యారు, స్వగ్రామంలో మిఠాయిలు పంచారు, అక్కడి తెలుగు సంఘం శాలువా కప్పింది. వార్త అంతటితో సరి. ఆ బోర్డు ఏం చేస్తుందో, దేని జోలికి వెళ్లకూడదో ఒక్క వాక్యం కూడా ఉండదు. అందువల్ల గెలిచినవారి దగ్గరికి మనవాళ్లు మోసుకెళ్లే కోరికలు ఎక్కువగా రెండే. దీపావళికి సెలవు ఇప్పించండి, మావాడి కంపెనీకి ఏదైనా పని చూడండి. మొదటిది ట్రస్టీ (బోర్డు సభ్యుల్ని అలా అంటారు) ఒక్కరి చేతిలో లేనిది. రెండోది అడిగినవారినీ, విన్నవారినీ కూడా కోర్టు దాకా లాగగలిగింది. కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల కోర్సులు నడిపే ప్రభుత్వ కాలేజీలు) కమిటీల్లో, బోర్డు సమావేశాల్లో పనిచేసే తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. రాబోయే నవంబరులో పోటీకి దిగాలనుకుంటున్నవారికీ, వారికి ఓటేయబోయేవారికీ పనికొస్తుందని మా ఆశ.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు గవర్నింగ్ బాడీ అంటే మేనేజ్‌మెంటు మనుషులు, యూనివర్సిటీ నామినీ, ప్రభుత్వ నామినీ, మెంబర్ సెక్రటరీగా ప్రిన్సిపాల్. అందరూ నియమితులే, ఎన్నికైనవారు కారు. కాలిఫోర్నియా పద్ధతి వేరు. అక్కడ 116 కమ్యూనిటీ కాలేజీలు 73 డిస్ట్రిక్టుల (కాలేజీలను నడిపే స్థానిక సంస్థలు, మన జిల్లాల్లాంటివి కావు) కింద ఉన్నాయి. ఒక్కో డిస్ట్రిక్టుకు సాధారణంగా 5గురో 7గురో ట్రస్టీలు. వారిని 4 ఏళ్ల కాలానికి ఓటర్లే ఎన్నుకుంటారు. విద్యార్థులు ఎన్నుకున్న స్టూడెంట్ ట్రస్టీ ఒకరు పక్కనే కూర్చుంటారు. ఆ ఓటు సలహా మాత్రమే, లెక్కలోకి రాదు. చాలా డిస్ట్రిక్టుల్లో ట్రస్టీలకు దక్కేది నెలకు కొన్ని వందల డాలర్లు. ఇది జీతం వచ్చే ఉద్యోగమని ఎవరైనా అనుకుంటే ఇక్కడే ఆగిపోవడం మేలు.

2001లో వచ్చిన కాలిఫోర్నియా ఓటింగ్ హక్కుల చట్టం తర్వాత చాలా డిస్ట్రిక్టులు వార్డు పద్ధతికి మారాయి. ట్రస్టీ ఏరియా అంటారు. ఆ ఏరియాలో నివాసముండి, అక్కడి ఓటరుగా నమోదైనవారే పోటీ చేయాలి. ఓటేసేది ఆ ఏరియావాళ్లే. గెలిచాక మాత్రం బాధ్యత డిస్ట్రిక్టు మొత్తానిది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మీ ఏరియాలో భారతీయులు, చైనీయులు ఎక్కువ ఉండొచ్చు. కాలేజీలో చదివేవాళ్లలో మెక్సికన్, ఫిలిపినో, వియత్నమీస్, ఆఫ్ఘన్ కుటుంబాల పిల్లలు ఎక్కువ ఉండొచ్చు. మనవాళ్ల పిల్లల్లో చాలామంది హైస్కూల్లో ఉండగానే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంటు కింద కాలేజీ క్లాసులు తీసుకుని, ఆ తర్వాత నేరుగా యూనివర్సిటీకి వెళ్లిపోతారు. రాత్రి షిఫ్టు దిగి ఉదయం 8 గంటల క్లాసుకు వచ్చే 30 ఏళ్ల తల్లి మీకు ఓటు వేసి ఉండకపోవచ్చు, అసలు ఆమె మీ ఏరియాలోనే ఉండకపోవచ్చు. బడ్జెట్ మీద చేయెత్తేటప్పుడు ముందు గుర్తు రావలసింది ఆమే.

పోటీ చేయడం వరకు పెద్ద కష్టమేమీ లేదు. 2026 నవంబరు 3 ఎన్నికకు నామినేషన్లు జులై 13న మొదలై ఆగస్టు 7న ముగుస్తాయి. ఇప్పుడున్న ట్రస్టీ మళ్లీ నామినేషన్ వేయకపోతే ఆగస్టు 12 దాకా గడువు పెరుగుతుంది. కాగితాలు తీసుకోవలసింది కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయంలో. విరాళం అడగడానికి గానీ, సొంత డబ్బు ఖర్చు పెట్టడానికి గానీ ముందే పోటీ ఉద్దేశం తెలిపే ఫారం 501 దాఖలు చేయాలి. ఏడాదిలో వసూళ్లు 2,000 డాలర్లకు చేరితే ఫారం 410తో కమిటీ నమోదు చేయాలి. ఓటర్ల పుస్తకంలో వేసే 200 పదాల పరిచయానికి డబ్బు అభ్యర్థే కట్టాలి. కౌంటీని బట్టి, ఓటర్ల సంఖ్యను బట్టి అది వందల్లో ఉండొచ్చు, వేలల్లోకీ పోవచ్చు. ముందే అడిగి తెలుసుకోకపోతే ప్రచారానికి దాచుకున్న సొమ్ములో పెద్ద భాగం అక్కడే కరిగిపోతుంది. ఇంకెవరూ నామినేషన్ వేయకపోతే ఎన్నికే జరగదు, నియామకంతోనే సీటు వస్తుంది. ఆ డిస్ట్రిక్టులో ఉద్యోగం చేస్తున్నవారు గెలిస్తే ప్రమాణ స్వీకారానికి ముందు రాజీనామా ఇవ్వాలి. ఎక్కడో ఒక కాలేజీలో సాయంత్రం క్లాసు చెప్పే పార్ట్‌టైమ్ లెక్చరర్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. ఆ కాలేజీ అదే డిస్ట్రిక్టుదో కాదో ముందే చూసుకోవాలి.

గెలిచినవాళ్లు మొదట తడబడేది 1953 నాటి బ్రౌన్ యాక్టు, అంటే బహిరంగ సమావేశాల చట్టం దగ్గర. బోర్డు సభ్యుల్లో మెజారిటీ మంది బోర్డు విషయాన్ని బయట ఎక్కడా చర్చించకూడదు. ఏడుగురి బోర్డులో నలుగురంటే మెజారిటీ. నలుగురూ ఒకచోట చేరకపోయినా తప్పు జరగొచ్చు. ఒక ట్రస్టీ రెండోవారికి ఫోన్ చేసి, రెండోవారు మూడోవారికి, మూడోవారు నాలుగోవారికి అదే విషయం చేరవేస్తే గొలుసు సమావేశమే. అది కూడా నిషేధమే. డిస్ట్రిక్టు పాలన చూసే ఛాన్సలర్ విడివిడిగా ఒక్కొక్కరికి విషయం వివరించవచ్చు గానీ, ఒకరి అభిప్రాయాన్ని ఇంకొకరికి మోయకూడదు. మనవాళ్ల ప్రాణమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది కనుక ఇది ప్రత్యేకంగా చెప్పాలి. బోర్డు సభ్యులు నలుగురున్న గ్రూపులో కొత్త భవనం గురించి చర్చ నడిచిందంటే అది రహస్య సమావేశం కిందికి వస్తుంది. 2020లో వచ్చిన ఏబీ (అసెంబ్లీ బిల్లు) 992 ప్రకారం, అందరికీ తెరిచి ఉండే సోషల్ మీడియాలో ఒక ట్రస్టీ బోర్డు విషయం మీద పెట్టిన పోస్టుకు తోటి ట్రస్టీ లైక్ కొట్టినా, బొటనవేలి బొమ్మ పెట్టినా ఉల్లంఘనే. అక్కడ మెజారిటీ లెక్క కూడా ఉండదు, ఒక్కరు స్పందిస్తే చాలు.

మామూలు సమావేశానికి ఎజెండా 72 గంటల ముందు, ప్రత్యేక సమావేశానికి 24 గంటల ముందు బయటపెట్టాలి. ఎజెండాలో లేనిదాని మీద నిర్ణయం తీసుకోకూడదు, చర్చించకూడదు. ప్రజలు మాట్లాడే సమయంలో ఎవరైనా వచ్చి కన్నీళ్లతో ఫిర్యాదు చేసినా ట్రస్టీ చేయగలిగింది ఒక చిన్న వివరణ ఇవ్వడం, లేదా సిబ్బందిని చూడమనడం. కొత్తగా వచ్చినవారు మొహమాటానికో, మంచితనానికో అక్కడికక్కడే మాట ఇచ్చేస్తారు. తర్వాత అది నిలబడదు. మరో సంగతి. మాట్లాడేవారికి బోర్డు సమయ పరిమితి పెట్టినప్పుడు, సాధారణంగా 3 నిమిషాలు పెడతారు, దుబాసీ సాయంతో మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని చట్టం. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులను బోర్డు ముందుకు తీసుకొచ్చేవారు దీన్ని అడిగి తీసుకోవాలి. తెలుగులో మాట్లాడే తాతయ్యకూ ఇది వర్తిస్తుంది.

ప్రజలను అనుమతించని క్లోజ్డ్ సెషన్‌లో ఏం మాట్లాడవచ్చో కూడా జాబితా ఉంది. సిబ్బంది విషయాలు, కోర్టు కేసులు, యూనియన్లతో బేరసారాలు, భూమి ధర, ఇంకొన్ని. ఒక ఉద్యోగి మీద వచ్చిన నిర్దిష్ట ఫిర్యాదు వినేటట్లయితే ఆ ఉద్యోగికి కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. లేకపోతే తీసుకున్న క్రమశిక్షణ చర్య చెల్లదు. లోపల విన్నది ఇంట్లో భార్యకో, భర్తకో చెప్పినా గోప్యత పోయినట్లే.

ఇక డబ్బు. ట్రస్టీ అసలు పని ఇదే, ప్రచార కరపత్రాల్లో అతి తక్కువ కనిపించేదీ ఇదే.

2018-19 నుంచి రాష్ట్రం డిస్ట్రిక్టులకిచ్చే నిధుల సూత్రం స్థూలంగా ఇలా ఉంటుంది. 70 శాతం హాజరు లెక్క మీద, 20 శాతం పెల్ గ్రాంటు (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం), ఫీజు మాఫీ వంటివి పొందే పేద విద్యార్థుల సంఖ్య మీద, 10 శాతం డిగ్రీలు, సర్టిఫికెట్లు, బదిలీల ఫలితాల మీద. హాజరును తలల్లో కొలవరు. 525 బోధన గంటలు కలిస్తే ఒక పూర్తికాల విద్యార్థి కింద లెక్క. అందుకే ఒక్కొక్క క్లాసే తీసుకునే పదిమంది ఒకరిద్దరుగా తేలుతారు. శాన్ మాటియో, వెస్ట్ వ్యాలీ-మిషన్ లాంటి కొన్ని డిస్ట్రిక్టుల్లో స్థానిక ఆస్తి పన్నే ఈ సూత్రం ఇచ్చేదాన్ని మించిపోతుంది. అక్కడ లెక్క మారిపోతుంది, విద్యార్థులు తగ్గినా రాబడి వెంటనే పడదు. పక్క డిస్ట్రిక్టు ఉచితంగా ఇస్తోంది కదా, మీరెందుకు ఇవ్వరని నిలదీసేవారు ముందు ఈ తేడా చూడాలి.

ఖర్చు వైపు జీతాలు, ప్రయోజనాలే సాధారణంగా 80 శాతం దాటుతాయి. ఊహకు 10 కోట్ల డాలర్ల జనరల్ ఫండ్ అనుకుందాం. అందులో మూల వేతనాలు 5.8 కోట్లు. యూనియన్‌తో 1 శాతం పెంపుకు ఒప్పుకుంటే 5.8 లక్షలు. దాని మీద ఉపాధ్యాయుల పెన్షన్‌కు యజమాని వాటా 19.1 శాతం, మిగతా సిబ్బందికి దాదాపు 27 శాతం కలిపితే 7 లక్షలకు చేరుతుంది. అది ఈ ఏడాదితో పోయేది కాదు, ఏటా కట్టాల్సిందే. డిస్ట్రిక్టులు దెబ్బతినే తీరు దాదాపు ఒకటే. రాష్ట్రం ఒక మంచి ఏడాదిలో ఒక్కసారికి ఇచ్చిన సొమ్ముతో శాశ్వత ఉద్యోగాలు వేస్తారు, మూడో ఏట ఆ సొమ్ము ఉండదు, ఉద్యోగాలు ఉంటాయి. కనుక ప్రతి ప్రతిపాదన దగ్గరా ట్రస్టీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇది ఒక్కసారి ఖర్చా, ఏటా వచ్చే ఖర్చా, ఏ పద్దులోంచి? రిజర్వు (ఖర్చు చేయకుండా దాచి ఉంచే నిధి) రెండు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 16.7 శాతం దగ్గర ఉండాలన్నది ఇప్పటి సలహా. పాతకాలపు 5 శాతం అడుగంటినట్లే.

దీనికి తోడు 50 శాతం చట్టం ఉంది. విద్య మీద నడుస్తున్న ఖర్చులో కనీసం సగం క్లాసులో పాఠం చెప్పేవారి జీతభత్యాలకే పోవాలి. కౌన్సిలర్లు (విద్యార్థులకు చదువు విషయంలో సలహాలిచ్చేవారు), లైబ్రేరియన్లు ఈ లెక్కలో అవతలి వైపు పడతారు. విద్యార్థులకు కౌన్సిలర్లు చాలడం లేదని ప్రతి సభలోనూ వినిపిస్తుంది. నిజమే, చాలరు. కానీ పదిమంది కౌన్సిలర్లను వేస్తే, అధ్యాపకుల సంఖ్య పెంచనంతవరకు, నిష్పత్తి కిందికి జారుతుంది. ఈ చట్టం కాలం చెల్లిందని మా అభిప్రాయం. అయినా ఉన్నంతకాలం పాటించక తప్పదు. హామీ ఇచ్చే అభ్యర్థి దీన్ని తెలిసే ఇస్తున్నారా అని ఓటర్లు అడగాలి.

బడ్జెట్ తేదీలు కదలవు. జనవరి 10 లోపు గవర్నర్ తొలి ప్రతిపాదన, మే 14 లోపు సవరణ, జులై 1 లోపు డిస్ట్రిక్టు తాత్కాలిక బడ్జెట్, సెప్టెంబరు 15 లోపు తుది బడ్జెట్. సెప్టెంబరులో నిద్రలేచి ప్రశ్నలడిగే ట్రస్టీ అప్పటికే నాలుగు నెలలు ఆలస్యం. ఇంకో తేదీ మార్చి 15. టెన్యూర్ (శాశ్వత హోదా) రావలసిన అధ్యాపకులను కొనసాగించకూడదనుకుంటే ఆ తేదీలోపు నోటీసు అందాలి. బోర్డు వాయిదా వేసిందా, ఆ అధ్యాపకుల కొనసాగింపు దానంతటదే జరిగిపోతుంది.

బోర్డు గాడి తప్పితే ఏమవుతుందో చెప్పడానికి కాంప్టన్ కాలేజీ కథ చాలు. 2004లో రాష్ట్రం ఆ బోర్డు అధికారాలను తీసేసి ప్రత్యేక ట్రస్టీని పెట్టింది. 2006లో కాలేజీ గుర్తింపు పోయింది. పక్కనున్న ఎల్ కామినో కాలేజీ కింద సెంటర్‌గా నడిచి, 2017లో గాని తిరిగి సొంత గుర్తింపు రాలేదు. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ 2012 నుంచి 2017 దాకా గుర్తింపు గండంలో గడిపింది. గుర్తింపు సంస్థ ఏడేళ్లకోసారి వచ్చినప్పుడు చూసేవాటిలో బోర్డు ప్రవర్తన కూడా ఒకటి. ట్రస్టీలు రోజువారీ పరిపాలనలో వేలు పెడుతున్నారా, తమ నీతి నియమావళిని తామే పాటిస్తున్నారా అని అడుగుతారు.

ఇప్పుడు దీపావళికి వద్దాం. 2025 అక్టోబరులో సంతకమై 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏబీ 268తో దీపావళి కాలిఫోర్నియా రాష్ట్ర సెలవుల జాబితాలో చేరింది. మనవాళ్లు దాన్ని, కాలేజీలు మూసెయ్యాలి అన్నట్లు చదువుకున్నారు. కాలేజీలు మూయవచ్చని చట్టం చెబుతోంది, మూసి తీరాలని అనడం లేదు. మూయాలంటే దారిలో రెండు అడ్డంకులు. ఏటా కనీసం 175 రోజులు కాలేజీ నడవాలన్న నిబంధన మొదటిది. రెండోది, అకడమిక్ క్యాలెండర్ మీద యూనియన్లతో చర్చించి ఒప్పందానికి రావాలి. ట్రస్టీ సభలో లేచి ఈ ఏడాది దీపావళికి సెలవు అని ప్రకటిస్తే అది చెల్లదు సరికదా, యూనియన్ ఫిర్యాదు చేస్తే డిస్ట్రిక్టు జవాబు చెప్పుకోవాలి.

అయినా చేయగలిగింది ఉంది. 2026లో దీపావళి నవంబరు 8, ఆదివారం, కాబట్టి గొడవే లేదు. 2027లో అక్టోబరు 29, శుక్రవారం. క్యాలెండర్లు ఏడాది, రెండేళ్లు ముందే ఖాయమవుతాయి కనుక 2027 గురించి అడగవలసింది ఇప్పుడే. చాలా కాలేజీలకు ఫ్లెక్స్ రోజులుంటాయి. ఆ రోజు క్లాసులుండవు, అధ్యాపకులకు శిక్షణ ఉంటుంది, అయినా 175లో లెక్కకు వస్తుంది. యూనియన్ ఒప్పుకుంటే ఒక ఫ్లెక్స్ రోజును అక్టోబరు 29కి జరపడం కొత్త సెలవు సాధించడం కంటే తేలిక. ఒక చిక్కు మాత్రం ఉంది. వారానికోసారి శుక్రవారమే జరిగే ల్యాబులకు ఒక వారం పోతుంది. నర్సింగ్, కెమిస్ట్రీ విభాగాలు ముందు అభ్యంతరం చెబుతాయి, చెప్పడం న్యాయమే. వారిని కలవకుండా బోర్డు దగ్గరికి వెళితే పని చెడుతుంది.

అడిగే పద్ధతి కూడా ఉంది. డిస్ట్రిక్టుకు సంబంధించిన ఏ విషయాన్నైనా ఎజెండాలో పెట్టించుకునే హక్కు ప్రజలకు విద్యా చట్టమే ఇచ్చింది. ట్రస్టీ సిఫార్సు అక్కర్లేదు. బోర్డు కార్యాలయానికి రాతపూర్వకంగా, చాలాచోట్ల రెండు వారాల ముందు, ఇవ్వాలి. రాసేది మన పండుగ గురించే కాకుండా ఉంటే ఇంకా బలం. చంద్రమాన కొత్త సంవత్సరం 2022లోనే రాష్ట్ర జాబితాలో చేరింది, ఈద్ వాళ్లున్నారు, వైశాఖీ వాళ్లున్నారు, నవ్రోజ్ వాళ్లున్నారు. మతపండుగ నాడు పరీక్ష పడితే వేరే సమయంలో రాసే వీలు కల్పించాలని చట్టంలో ఇప్పటికే ఉంది. కాలేజీకి మరీ భారమైతే తప్ప ఇవ్వాల్సిందే. ఈ హక్కు సంగతి విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. ప్రతి కోర్సు సిలబస్‌లో రెండు వాక్యాలుగా దీన్ని చేర్చమని అడగడం ఒక్కరోజు సెలవు కంటే ఎక్కువమందికి పనికొస్తుంది. ఉగాదికి, సంక్రాంతికి కూడా ఇదే ఆసరా. వాటికి సెలవు రావడం మా లెక్కలో జరిగే పని కాదు.

మనవాళ్ల అసలు బాధ ఫీజుల దగ్గర ఉంది. సెలవు గురించి పది ఉత్తరాలు వస్తే దీని గురించి ఒకటైనా రాదు. కాలిఫోర్నియా నివాసికి యూనిట్‌కు (కోర్సుల క్రెడిట్ లెక్క) 46 డాలర్లు, 2012 వేసవి నుంచి అదే. నివాసి కానివారికి దాని మీద నాన్‌రెసిడెంట్ ట్యూషన్ కలిసి ఎన్నో రెట్లవుతుంది. హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవారు ఏడాదికి పైగా నివాసం, ఇక్కడే ఉండే ఉద్దేశం రుజువు చేస్తే నివాసి ఫీజుకు అర్హులే. ఇది తెలియక కౌంటర్ దగ్గర అడిగినంతా కట్టేసిన కుటుంబాలున్నాయి. పిల్లవాడికి 21 నిండి హెచ్-4 పోయి విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాక కథ తిరగబడుతుంది. ఎఫ్-1 మీద నివాసం ఏర్పరచుకోవడానికి వీల్లేదు. మూడేళ్లు కాలిఫోర్నియా హైస్కూల్లో చదివినవారికి మినహాయింపునిచ్చే ఏబీ 540 పత్రాలు లేని విద్యార్థులకు వర్తిస్తుంది గానీ ఎఫ్-1 మీదున్నవారికి వర్తించదు. ఐదో ఏట వచ్చిన పిల్లవాడు ఇరవై రెండో ఏట పరాయివాడి ఫీజు కట్టాలి. ఇది చూసి మనవాళ్లలో కొందరికి పత్రాలు లేని విద్యార్థుల మీద కోపం వస్తుంది. ఆ కోపం చోటు తప్పింది. గీత గీసింది 2001లో శాసనసభ, చెరపగలిగిందీ అదే. తోటి విద్యార్థుల మినహాయింపు తీసేసినందువల్ల మన పిల్లవాడికి ఒక్క డాలరు కూడా తగ్గదు.

బోర్డు చేతిలో ఉన్నదేమిటంటే, నాన్‌రెసిడెంట్ ట్యూషన్ రేటు. ప్రతి ఏటా మార్చి 1 లోపు బోర్డే దాన్ని నిర్ణయిస్తుంది. 6 యూనిట్లు, అంతకు తక్కువ తీసుకునే నాన్‌రెసిడెంట్లందరికీ ట్యూషన్ మినహాయించే వెసులుబాటు కూడా చట్టం బోర్డుకే ఇచ్చింది. షరతు ఒక్కటే, ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఫలానావారి అబ్బాయికి అని ఇవ్వడానికి లేదు. ఫిబ్రవరి సమావేశంలో ఈ అంశం సాధారణంగా చడీచప్పుడు లేకుండా పాసైపోతుంది. తెలుగు సంఘాలు ఆ సాయంత్రం వెళ్లి మాట్లాడితే ఎంత బాగుంటుంది!

కంపెనీల సంగతికి వస్తే, మనవాళ్లలో సాఫ్ట్‌వేర్, స్టాఫింగ్ కంపెనీలు నడిపేవారు ఎక్కువ కాబట్టి గవర్నమెంట్ కోడ్ సెక్షన్ 1090 గురించి బాగా తెలియాలి. బోర్డు చేసే కాంట్రాక్టులో ఏ ట్రస్టీకైనా ఆర్థిక ప్రయోజనం ఉంటే, ఆ ట్రస్టీ ఓటేయకుండా బయటకు వెళ్లిపోయినా సరిపోదు. బోర్డు మొత్తం ఆ కాంట్రాక్టు చేయకూడదు. చేస్తే అది చెల్లదు. తెలిసి చేసిన ట్రస్టీకి జైలు, ఆపై రాష్ట్రంలో ఏ పదవికీ జీవితాంతం అనర్హత. జీవిత భాగస్వామి ఆదాయం కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద కంపెనీలో మామూలు ఉద్యోగులకు కొంత వెసులుబాటు ఉంది. కంపెనీలో ఇంకా పదిమందైనా ఉద్యోగులుండి, పదవికి ముందు కనీసం మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ ఉంటే అది దూరపు ప్రయోజనం. బయటపెట్టి, మినిట్స్‌లో రాయించి, చర్చలో తలదూర్చకుండా ఉంటే మిగతావారు ఓటేయవచ్చు. సొంత కంపెనీవారికి ఆ వెసులుబాటు లేదు. కనుక కాలేజీకి సరుకో సేవో అమ్మేవారు, అమ్మాలనుకునేవారు అటో ఇటో తేల్చుకుని పోటీకి దిగాలి.

బహుమతులకు ఫారం 700 అనే ఆర్థిక ప్రయోజనాల ప్రకటన ఉంది. ఒకే దాత నుంచి ఏడాదిలో 50 డాలర్లు చేరితే చూపించాలి. 2025, 2026లకు గరిష్ఠ పరిమితి 630 డాలర్లు. శాలువాతో ఇబ్బంది లేదు. దాని కింద పెట్టి ఇచ్చే వెండి గిన్నెతోనే ఇబ్బంది. సన్మానాలు చేసే సంఘాలు ఖరీదు కాగితం మీద రాసి ఇస్తే ట్రస్టీకి మేలు చేసినవారవుతారు.

ఉద్యోగాల సిఫార్సులు అసలే పనికిరావు. బోర్డు నేరుగా ఎంపిక చేసే ఉద్యోగి ఒక్కరే, ఛాన్సలర్ లేదా ప్రెసిడెంట్. మిగతావన్నీ వారి సిఫార్సు మీద వచ్చేవే. 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 209 ప్రకారం ప్రభుత్వ కాలేజీల్లో జాతి, లింగం, పుట్టిన దేశం చూసి ప్రాధాన్యం ఇవ్వకూడదు. మా వర్గంవాళ్లు ఇంతమంది ఉండాలి అని ఏ వర్గం ట్రస్టీ అన్నా అది డిస్ట్రిక్టు మీద కేసుకు సాక్ష్యమవుతుంది. ప్రకటన ఎక్కడెక్కడ వేశారు, ఎంపిక కమిటీకి శిక్షణ ఇచ్చారా, దరఖాస్తుదారులు ఏ దశలో ఎక్కువగా రాలిపోతున్నారు అని అడగడం మాత్రం ట్రస్టీ హక్కు, పని కూడా. పాఠ్యాంశాల విషయంలో ఇంకా జాగ్రత్త. 1988 నాటి ఏబీ 1725 తర్వాత కరికులమ్, గ్రేడింగ్ వంటి అంశాల్లో బోర్డు అకడమిక్ సెనేట్ (అధ్యాపకుల ప్రతినిధి సభ) మాటకే ప్రధానంగా విలువనివ్వాలి, లేదా వారితో ఏకాభిప్రాయానికి రావాలి. కంప్యూటర్ క్లాసులు పెంచండి, సోషియాలజీ తగ్గించండి అని ట్రస్టీ ఆదేశించే వ్యవహారం కాదు.

కులం గురించి కూడా రాయక తప్పదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది. కుల వివక్షను రాష్ట్రమంతటా నిషేధించే ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 403ను 2023 అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. కుల వివక్ష ఇప్పుడున్న చట్టాల కిందే నిషిద్ధమన్నది ఆయన చెప్పిన కారణం. ఈ ప్రశ్న ఏదో ఒక రోజు మన ట్రస్టీ ముందుకు వస్తుంది. అప్పుడు మాట్లాడటానికి వచ్చేవారిలో దళిత తెలుగు విద్యార్థి ఉంటాడు, తన మీద అనుమానపు ముద్ర పడుతుందని భయపడే మరో తెలుగు తల్లి ఉంటుంది. ఏ సంఘం తనకు విరాళమిచ్చిందో దాని ప్రకటన చదివి వినిపించే ట్రస్టీ ఆ కుర్చీకి తగరు. ఇప్పుడున్న వివక్ష నిషేధ విధానం, చాలా డిస్ట్రిక్టుల్లో బీపీ (బోర్డు పాలసీ) 3410, దేన్ని కవర్ చేస్తోంది, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో విచారణ ముగుస్తోంది అని న్యాయవాదిని బహిరంగ సభలోనే అడగాలి. జవాబు విన్నాక చేర్చాలనిపిస్తే చేర్చాలి. మా వరకు, చేరిస్తే నష్టపోయేవారెవరూ లేరనే అనుకుంటున్నాం.

సమాన అవకాశాల నివేదికలు వచ్చినప్పుడు ఆసియన్లు అనే ఒక్క గడి దగ్గర ఆగిపోకూడదు. ఆ గడిలో మన పిల్లల సగటు మార్కులు హ్మాంగ్ (ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఒక జాతి), కంబోడియన్ పిల్లల అవస్థను కప్పేస్తాయి. విడదీసిన అంకెలు కావాలని అడగడానికి భారతీయ ట్రస్టీ కంటే తగినవారెవరు?

పౌరసత్వం రానివారు ఇదంతా చదివి మాకేం పని అనుకోనక్కర్లేదు. 2019లో వచ్చిన ఎస్‌బీ 225 ప్రకారం నియామక పదవులకు పౌరసత్వం అవసరం లేదు, 18 ఏళ్లు నిండిన కాలిఫోర్నియా నివాసి అయితే చాలు. అన్నిటికంటే మంచి చోటు బాండ్ పర్యవేక్షణ కమిటీ, అంటే భవనాల కోసం ఓటర్ల అనుమతితో తెచ్చిన అప్పు ఎలా ఖర్చవుతోందో చూసే కమిటీ. 2000 నాటి ప్రతిపాదన 39 కింద 55 శాతం ఓట్లతో పాసైన ప్రతి కాలేజీ బాండుకూ కనీసం ఏడుగురితో ఈ కమిటీ ఉండాలి. అందులో వ్యాపార సంఘం నుంచి, వృద్ధుల సంఘం నుంచి, పన్ను చెల్లింపుదారుల సంఘం నుంచి, విద్యార్థుల నుంచి, కాలేజీకి తోడ్పడే సంస్థ నుంచి ఒక్కొక్కరు. కాలేజీ ఉద్యోగులు, కాంట్రాక్టర్లు పనికిరారు. రెండేళ్ల కాలం, జీతం లేదు, ఏడాదికి కొన్ని సమావేశాలు. ఆడిట్ నివేదిక చదవడం, బాండు సొమ్ము జీతాలకు మళ్లిందా అని చూడటం, అదనపు పనుల బిల్లులు ఎందుకు పెరిగాయో అడగడం. సివిల్ ఇంజనీర్లు, అకౌంటెంట్లు మనలో కొదవా? ఖాళీలు నెలల తరబడి అలాగే ఉండిపోతున్న డిస్ట్రిక్టులున్నాయి. ఇలాంటి కమిటీలో రెండేళ్లు కూర్చున్నవారికి ట్రస్టీ పని సగం వచ్చేసినట్లే.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. జులై 13న నామినేషన్లు మొదలయ్యాక తెలుగు అభ్యర్థుల పరిచయాలు మీరు వేస్తారని తెలుసు. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, పనిచేసే కంపెనీతో పాటు ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలడిగి జవాబులు వేయండి. గత రెండేళ్లలో ఆ బోర్డు సమావేశాలు ఎన్నిటికి వెళ్లారు? డిస్ట్రిక్టు రిజర్వు ఇప్పుడు ఎంత శాతం? తెలుగువారికి సంబంధం లేని ఏ పని మొదట చేస్తారు?

ఇట్లు,
కమ్యూనిటీ కాలేజీ కమిటీల్లో పనిచేసే కొందరు తెలుగువారు,
బే ఏరియా, కాలిఫోర్నియా